పంచాయతీ డబ్బుతో సాయంత్రం కేంద్రం పెడితే ఊళ్లో కొట్లాటలు ఆగుతాయా?

చంపావతి ఒడ్డు:
మాది విజయనగరం జిల్లా, చంపావతి పక్క ఊరు. పంచాయతీ ఎన్నికలప్పుడు రెండు వీధుల మధ్య రాజుకున్న పగ ఇంకా చల్లారలేదు. నిరుడు అమ్మవారి పండగలో స్టేజీ దగ్గర గొడవైతే, కర్రలు పట్టుకున్నవాళ్లలో చాలామంది తొమ్మిది, పది, ఇంటర్ చదివే గుంటలే. పెద్దవాళ్లని బైండోవర్ చేశారు, అంటే మళ్లీ గొడవకి దిగబోమని పూచీకత్తు రాయించుకున్నారు. గుంటల్ని మందలించి వదిలేశారు.

హైస్కూల్ హాలు సాయంత్రం నాలుగున్నర నుంచి ఏడున్నర దాకా తెరిచి, ఒక కోచ్‌ని, చదువు చెప్పేవాళ్లనొకరిని పెట్టి, తినడానికి ఏదైనా ఇద్దామని కొందరం గ్రామసభలో అడిగాం. ‘రౌడీల్ని మేపడానికా పంచాయతీ డబ్బు? ముందు కాలవలు బాగుచెయ్యండి’ అన్నారు. కాలవలూ కావాలి, కాదనను. కానీ మా ఊళ్లో చాలామంది తండ్రులు హైదరాబాద్, చెన్నైలలో బిల్డింగు పనుల్లో ఉన్నారు. బడి వదిలాక మనవడు ఎటెళ్లాడో ఇంట్లో మామ్మకి తెలీదు. మీరేమంటారు?

వంశధార:
శ్రీకాకుళం జిల్లాలో పోలీసు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నా మాట, వద్దు. గుంటలు సొంతంగా పగలు పెట్టుకోరు. ‘మనోడిని కొడితే చూస్తా ఊరుకుంతావేట్రా’ అని ఎగదోసి, మందుకి డబ్బులిచ్చే పెద్దమనిషి వెనకాల ఉంటాడు. ఆయన్ని వదిలేసి గుంటలకి క్యారమ్ బోర్డులు కొంటే ఏటొస్తాది? పైగా రెండు వీధులవాళ్లనీ ఒకే హాల్లో కూర్చోబెడితే కొట్లాటకి కొత్త చోటు చూపించినట్టే.

అమెరికాలో ప్రభుత్వమే బడి అయ్యాక నడిచే కేంద్రాలకి పెద్ద ఎత్తున డబ్బిచ్చింది. 2005లో వచ్చిన మూల్యాంకన నివేదికలో ప్రాథమిక తరగతుల పిల్లలకి చదువు మెరుగుపడినట్టు తేలలేదు, బడి నుంచి సస్పెన్షన్లు మాత్రం పెరిగాయి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం 16 నిండినవాడు ఘోరమైన నేరం చేస్తే పెద్దవాళ్లలాగే కోర్టులో నిలబడాల్సి రావచ్చు. ఆ సంగతి ఇంటింటికీ వెళ్లి చెప్పండి, భయం ఉంటుంది.

పీఈటీ మాస్టారు, పాలకొండ:
వంశధార గారూ, మీరన్న నివేదిక ఉన్నమాటే. అందులోనే ఆ కేంద్రాలకొచ్చిన పిల్లలు బడి అయ్యాక తమకి భద్రంగా ఉందన్నారని కూడా రాశారు. కొట్లాటలున్న ఊరికి అది చిన్న విషయం కాదండీ.

భయం గురించి ఒక మాట. చెయ్యెత్తే క్షణంలో పదహారేళ్లవాడికి చట్టం గుర్తురాదు. షికాగోలో గొడవలెక్కువున్న పేటల బడుల్లో మగపిల్లల కోసం ‘బికమింగ్ ఎ మ్యాన్’ అనే కార్యక్రమం ఉంది. అందులో ఒక ఆట. పిల్లల్ని జతలుగా నిలబెట్టి ఒకడి చేతికి బంతి ఇస్తారు. 30 సెకన్లలో దాన్ని లాక్కోమని రెండోవాడికి చెబుతారు. వేళ్లు విరుస్తారు, కింద పడేస్తారు, దొర్లుతారు. తర్వాత మాస్టారు ‘ఇమ్మని అడగలేదేం?’ అంటే, ‘అడిగితే పిరికోడినంటాడు’ అంటారు. అప్పుడు బంతి పట్టుకున్నవాణ్ణి అడుగుతారు. ‘అడిగుంటే ఇచ్చేద్దును, ఉత్త బంతే కదా’ అంటాడు. మన పండగ స్టేజీ దగ్గర గొడవ కూడా అచ్చం ఇదే. అక్కడ లాటరీ తీసి కొందరు పిల్లల్ని చేర్చుకుని, చేరనివాళ్లతో పోల్చి చూశారు. కార్యక్రమం నడిచినన్నాళ్లూ హింసాత్మక నేరాల్లో అరెస్టులు దాదాపు సగానికి తగ్గాయి. ఆపేశాక అరెస్టుల్లో ఆ తేడా నిలవలేదు. అది ముఖ్యంగా బడి వేళల్లో వారానికోసారి నడిచేది, సాయంత్రం కేంద్రం కాదు. అయినా నాకర్థమైంది ఒకటే, హాలు తాళం తీసినంత మాత్రాన ఏమీ కాదు. అందులో రోజూ కూర్చునే మనిషి కావాలి, ఏళ్ల తరబడి కావాలి.

మనకిది కొత్తా? తాలింఖానాల్లో కర్రసాము నేర్పిన గురువులు కర్ర ఎలా తిప్పాలో చెప్పేముందు ఎప్పుడు దించాలో చెప్పేవారు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ చూడండి, ఊరు ఊరంతా వెయిట్‌లిఫ్టింగే. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో పతకం తెచ్చిన మత్స సంతోషిది ఆ ఊరే. సీనియర్లు జూనియర్ల పక్కన నిలబడి నేర్పుతారు. బార్ కింద నడుం ఎలా పెట్టాలో చెప్పిన అన్న, రేపు వీధిలో గొడవకి పిలుపొస్తే ‘ఎల్లకురా’ అని కూడా చెప్పగలడు.

మా బడిలో ఎదురెదురు వర్గాల పిల్లల్ని కబడ్డీలో ఒకే జట్టులో వేశాను. మొదట్లో రైడర్ దొరికిపోతే సొంత జట్టువాళ్లే నవ్వేవారు. సున్నంతో కోర్టు గీతలు గీసే పని ఇద్దరికీ కలిపి అప్పగించాను. తాడు ఒకడు పట్టుకుంటేగానీ రెండోవాడు గీత గీయలేడు. మాటలు అక్కడే కలిశాయి.

సువర్ణముఖి:
ఇంతసేపూ మగపిల్లల గురించే మాట్లాడారు. స్టేజీ దగ్గర గొడవ జరిగిన మర్నాటి నుంచి ఆ రెండు వీధుల ఆడపిల్లల్ని ట్యూషన్ మాన్పించి ఉంటారు. మా ఊళ్లో అలాగే చేశారు, మా చెల్లి కూతురు ఇంటర్‌తో ఆపేసింది. శిక్ష పడేది వాళ్లకే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో కంచు పతకం గెలిచిన కరణం మల్లీశ్వరి ఆమదాలవలస దగ్గర ఊసవానిపేట పిల్ల. హాలు తెరిస్తే వాళ్లకీ వేళ కేటాయించండి, చీకటి పడకముందే. ఒక ఆడ టీచరుండాలి. ఇంటిదాకా ఎవరు దిగబెడతారో ముందే తేల్చుకోండి.

వంశధార:
మాస్టారూ, మీలాంటివారు ఏళ్ల తరబడి ఉంటారంటే నాకు అభ్యంతరం లేదు. నా భయం మొదటి ఏడాది గురించి కాదు, మూడో ఏడాది గురించి. సర్పంచి మారతాడు, కోచ్‌కి జీతం ఆగిపోతుంది, తాళంచెవి ఏదో ఒక వర్గం చేతికెళుతుంది. అప్పుడది వాళ్ల అడ్డా అయిపోతుంది. తాళం హెడ్మాస్టారి దగ్గరే ఉండాలి. కోచ్ ఆ రెండు వీధులవాడూ కాకూడదు. ఎగదోసే పెద్దల మీద బైండోవర్ మాత్రం సడలించొద్దు. ఈ మూడూ కాగితం మీద రాయకపోతే నా ఓటు ఇప్పటికీ వద్దనే.

చంపావతి ఒడ్డు:
మూడూ రాస్తాం. ఆడపిల్లలకి నాలుగున్నర నుంచి అయిదున్నర అని కూడా రాస్తాం, దిగబెట్టే బాధ్యత డ్వాక్రా సంఘాన్ని అడుగుతాం. మిగిలింది కోచ్ జీతం. ఒక్క ఏడాదికిచ్చి ఊరుకుంటే వద్దని వంశధార గారన్నది సబబే. అందుకే మూడేళ్లకీ ఒకేసారి తీర్మానం అడుగుతాం. కొండవెలగాడ వైపు నుంచి వచ్చి ఊళ్లోనే ఉండగల సీనియర్ లిఫ్టర్ ఎవరైనా మీకు తెలిస్తే చెప్పండి. గది మేం చూస్తాం.