భర్త పోయాక ఏడుపు రావడం లేదు, పగే మిగిలింది

ప్రశ్న:
మా వారు పోయి రేపటికి నాలుగు నెలలు. డ్యూటీ దిగి స్కూటరు మీద వస్తుండగా, తాగి కారు నడుపుతున్న ఒక కుర్రవాడు వెనుక నుంచి గుద్దాడు. ఆ వారంలోనే అతనికి బెయిలు వచ్చింది. మాసికానికి సామాన్లు కొనడానికి వెళ్లిన రోజున, అతను మా వీధి మలుపులోని టీ కొట్టు దగ్గర నవ్వుతూ నిలబడి ఉండటం చూశాను. అప్పటి నుంచి వాడూ వాడి ఇల్లూ ఏమైపోవాలో ఊహించుకుంటే తప్ప నాకు నిద్ర పట్టడం లేదు. మొన్న కూరగాయల కత్తి సంచిలో వేసుకుని ఆ మలుపు దాకా వెళ్లి తిరిగి వచ్చాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నాకు పిచ్చి పడుతోందా?

జవాబు 1:
లేదమ్మా. మా ఆయన పనిచేసే చోట పరంజా కూలి పోయారు. ఆ గుత్తేదారును రెండేళ్ల పాటు రోజూ మనసులో చంపాను. ఆయన తరఫున నేను చేయాల్సిన పని ఒకటి మిగిలి ఉందనుకున్నంత కాలం ఆయన పూర్తిగా పోలేదనిపించేది. నడుముకు తాడు కట్టుకోమని ఎన్నిసార్లు చెప్పినా వినలేదని ఆయన మీద కూడా కోపం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. కత్తి సంగతి మాత్రం ఈ రోజే మీ తోడబుట్టిన వారికి చెప్పండి, రాత్రి ఒంటరిగా పడుకోకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ 14416కు ఏ వేళ చేసినా ఉచితమే, తెలుగులో మాట్లాడతారు.

జవాబు 2:
"వాడి పాపాన వాడే పోతాడు, మరిచిపో" అనేవారిని పట్టించుకోకండి. నా భార్య పోయినప్పుడు నాకూ అదే చెప్పారు. జమదగ్నిని చంపినప్పుడు రేణుక 21 సార్లు గుండెలు బాదుకుందని, పరశురాముడు అన్నిసార్లూ దండెత్తాడని చెప్పుకుంటాం గాని, ఆ తర్వాత ఆమె దుఃఖం తీరిందా అని ఎవరమూ అడగం.

జవాబు 3 (న్యాయవాది):
నిర్లక్ష్యంతో మరణానికి కారణమైతే భారతీయ న్యాయ సంహిత 106(1) కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉన్నా, అది బెయిలు ఇవ్వదగిన నేరమే. అతను బయట తిరుగుతున్నంత మాత్రాన కేసు వీగిపోయినట్లు కాదు. రక్తపరీక్షలో మద్యం తేలితే అంతకంటే తీవ్రమైన 105వ సెక్షన్ (హత్య కిందికి రాని నేరపూరిత నరహత్య) చేర్చమని కోరవచ్చు. ప్రాసిక్యూటరుకు తోడుగా మీ న్యాయవాది ఉండేందుకు కోర్టు అనుమతి అడగవచ్చు. మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ న్యాయసహాయం ఉచితంగా అందిస్తుంది. పరిహారం దరఖాస్తుకు మోటారు వాహనాల చట్టానికి చేసిన 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టింది కనుక మీకు రెండు నెలలే ఉంది. పరిహారం ఎంతో లెక్కగట్టడంలో పోయినవారి వయసు ముఖ్యం. ఎఫ్‌ఐఆర్ నకలు చదివారా?

ప్రశ్న అడిగినవారు:
ఇప్పుడే మొదటిసారి పూర్తిగా చదివాను. మా చెల్లెలు పక్కనే ఉంది, అంతా చెప్పాను. ఆయన వయసు 46కు బదులు 64 అని పడింది. దీన్ని ఎవరిని అడిగి సరిచేయించుకోవాలండీ?