అప్‌డేట్: ‘నైస్’ అంటే ‘బాగుంది’ ఒక్కటే కాదు

ఒక ఇంగ్లీషు వాక్యాన్ని తెలుగు చేస్తూ, అందులో ‘ఎ నైస్ డిస్టింక్షన్’ (a nice distinction) అన్న చోట నైస్‌కి అర్థమేమిటని ఇంతకుముందు అడిగాను, ఇప్పుడు తేలింది. అక్కడ అది ‘సూక్ష్మమైన’ భేదం, మెచ్చుకోలు కాదు. నేను ‘చక్కని తేడా’ అని రాసి వాక్యం అర్థాన్నే మార్చేశాను. ఇప్పుడు సరిదిద్దాను.

ఈ మాట నడిచొచ్చిన దారి మాత్రం మనసులోంచి పోవడం లేదు. లాటిన్‌లో ‘నెస్కియుస్’ అంటే ఏమీ తెలియనివాడు. ఫ్రెంచి మీదుగా 1300 ప్రాంతంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు దాని అర్థం ‘తెలివితక్కువ’. తర్వాత పట్టింపులు ఎక్కువ, సున్నితం, నిశితం... 18వ శతాబ్దానికి ‘ఇంపైన’. ఒక తిట్టు ఇలా మెప్పుగా మారడం ఎంత అద్భుతం!

ఇంకొకటి: ‘నైస్ అండ్ వార్మ్’ అంటే రెండు వేర్వేరు గుణాలు కావు, ‘హాయిగా, వెచ్చగా’ అని ఒకటే భావం.

ఓపిగ్గా వివరించిన అందరికీ కృతజ్ఞతలు.