అనిమే బొమ్మకు ఒక్క పెన్ను చాలా, బ్రష్ ప్యాక్‌లు కొనాలా?

నల్గొండ పోరడు:

అందరికీ నమస్తే. నల్గొండలో డిగ్రీ చదువుతున్నా. పెన్నుతో వచ్చిన ఆండ్రాయిడ్ ట్యాబ్ ఉంది, ఐబిస్ పెయింట్ అనే బొమ్మల యాప్ ఉచిత వెర్షన్‌లో అనిమే (జపాన్ యానిమేషన్ తరహా) క్యారెక్టర్లు గీస్తున్నా. మూడు చోట్ల ఇబ్బంది పడుతున్నా. జుట్టు కుచ్చు కొస సన్నగా తేలిపోవాలి కదా, నాది మొద్దుగా ఆగిపోతోంది. పై కనురెప్ప గీత వణుకుతోంది. యాప్‌లోని బకెట్ టూల్‌తో రంగు నింపితే గీత పక్కన సన్నటి తెల్ల చార మిగిలిపోతోంది. యూట్యూబ్‌లో ఎవరి వీడియో చూసినా తమ బ్రష్ ప్యాక్ (యాప్‌లో వేసుకునే రెడీమేడ్ బ్రష్‌ల కట్ట) కొంటే ఇవన్నీ సర్దుకుంటాయంటున్నారు. మా క్లాస్‌మేట్ తన ఐప్యాడ్‌లో ప్రోక్రియేట్ అనే యాప్ కోసం అలాంటిదే ఒకటి కొన్నది, ఆమె గీతలు నిజంగానే మస్తు ఉన్నాయి. నేనూ కొనాలా, ఉన్నవాటితోనే పని అవుతుందా?

పాలమూరు ఇంకు:

కొనకు తమ్ముడూ. నువ్వు చెప్పిన మూడింట్లో ఒక్కటి కూడా ప్యాక్‌తో తీరేది కాదు.

ముందు కొస సంగతి. ఐబిస్‌లో ఉన్న డిప్ పెన్ హార్డ్ తీసుకో. స్టెబిలైజర్ (గీత వణుకు తగ్గించేది) ఉన్న దగ్గరే ఫోర్స్ ఫేడ్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది, అది ఆన్ చేస్తే నువ్వు ఎలా ఒత్తినా గీత కొసలు సన్నబడతాయి. వేలితో గీసేవాళ్లకు అది వరం. నీ దగ్గర పెన్ను ఉంది కాబట్టి ప్రెషర్‌తోనే సాధించు. కుచ్చు మొదట్లో తేలిగ్గా ఆనించు, మధ్యలో ఒత్తు, గీత ముగిసే చోటు రాకముందే పెన్ను లేపడం మొదలుపెట్టు. చెయ్యి కదులుతూ ఉండగానే పెన్ను గాల్లోకి వెళ్లిపోవాలి. చెయ్యి ఆగాక లేపితే ఏ బ్రష్ అయినా మొద్దు కొసే ఇస్తుంది.

వణుకు ఎక్కువగా మణికట్టుతో, నెమ్మదిగా గీయడం వల్ల వస్తుంది. కాన్వాస్‌ను కాస్త దగ్గరికి జూమ్ చేసి, రెప్ప గీతను ఒకే ఊపులో లాగు. నచ్చకపోతే అన్‌డూ, మళ్లీ లాగు. స్టెబిలైజర్ కొంచెం పెంచు కానీ చివరిదాకా పెంచకు. మరీ ఎక్కువైతే గీత పెన్ను వెనకాల ఆలస్యంగా వస్తుంది, మలుపులు గుండ్రంగా అరిగిపోతాయి. అనిమే ముఖంలో గడ్డం కొన, జుట్టు విరుపులు కోసుగా ఉండాలి. అక్కడే బొమ్మ పాడవుతుంది.

ఇక తెల్ల చార. గీత మెట్లుమెట్లుగా కనపడకుండా యాప్ దాని అంచు పిక్సెళ్లను సగం పారదర్శకంగా ఉంచుతుంది. బకెట్ అక్కడికి రాగానే గోడ వచ్చిందనుకుని ఆగిపోతుంది. రంగుకు వేరే లేయర్ (పారదర్శక పొర) పెట్టి గీతల లేయర్ కిందికి జరుపు, బకెట్ సెట్టింగుల్లో ఎక్స్‌పాన్షన్ 2 లేదా 3 పిక్సెళ్లు పెట్టు. రంగు గీత కిందికి దూరిపోతుంది, చార కనపడదు.

ఇంకో మాట. అమ్మే ప్యాక్‌లలో బాగా పోయేవి పెన్సిల్ గరుకు ఉన్నవి. ఆ గీతలో అడుగడుగునా కంతలుంటాయి. దాంతో గీసి బకెట్ వాడితే రంగు బయటికి కారిపోతుంది. నీ మూడో ఇబ్బంది తీరకపోగా రెట్టింపవుతుంది.

సూర్యాపేట అక్క:

ఇంకు అన్నా, లైన్ ఆర్ట్ (గీతల పని) వరకు మీరు చెప్పింది ఒప్పుకుంటా. కానీ బొమ్మంటే లైన్ ఆర్ట్ ఒక్కటే కాదు కదా. నేను అడిగినవాళ్లకు డబ్బు తీసుకుని క్యారెక్టర్లు గీస్తా. బట్టలు, చెట్లు, లేసులు, గొలుసులు అన్నీ గట్టి పెన్నుతోనే గీయమంటే ఒక్కో బొమ్మకు రోజులు పడతాయి, చేతికొచ్చేది అంతే ఉంటుంది.

ఒక ఉదాహరణ చెప్తా. ఒక అనిమే అమ్మాయికి పుట్టపాక తేలియా రుమాలు దుపట్టా వేశా. ఎరుపు, నలుపు, తెలుపు గళ్లు. అది ఇకత్ నేత. నేయక ముందే నూలుకు ముడులు కట్టి రంగు వేస్తారు, తేలియాలో పడుగు (నిలువు పోగులు), పేక (అడ్డం పోగులు) రెండింటికీ అలా వేస్తారు. మగ్గం మీద ఆ రంగు పోగులు పక్కపక్కన చేరినప్పుడు ఒక్కో పోగు వెంట్రుకవాసి అటూ ఇటూ జరుగుతుంది. అందుకే ఎరుపు గడి నలుపును తాకే చోట అంచు కత్తిరించినట్టు ఉండదు, సన్నటి పళ్లు పళ్లుగా ఒకదాంట్లోకి ఒకటి చొచ్చుకుపోతుంది. గట్టి పెన్నుతో ఆ గడి గీస్తే ప్రింటెడ్ గుడ్డలా కనిపిస్తుంది. చూసినవాళ్లు బాగుందంటారు, మన నల్గొండ వైపు వాళ్లు మాత్రం ఇది తేలియా కాదని ఒక్క చూపులో చెప్పేస్తారు. ఆ అంచు కోసం టెక్స్చర్ బ్రష్ కావాల్సిందే.

మిర్యాలగూడ ఫ్రేమ్:

నేను హైదరాబాద్‌లో యానిమేషన్ పని చేస్తున్నా, సొంతూరు మిర్యాలగూడ. ఇద్దరూ అసలు విషయం వదిలేసి మాట్లాడుతున్నారు. తమ్ముడు అడిగింది అనిమే గురించి, ఇంకు అన్న చెప్పింది మాంగా (జపాన్ కామిక్స్) పెన్ను గురించి.

డిప్ పెన్, జీ పెన్ అనేవి సిరాలో ముంచి కాగితం మీద గీసే ఉక్కు పాళీలు. ఒత్తితే పాళీ విచ్చుకుని గీత లావవుతుంది, వదిలితే సన్నబడుతుంది. మాంగా నలుపు తెలుపు కాబట్టి బరువు, నీడ, వేగం అన్నీ ఆ లావు సన్నాల్లోనే చూపించాలి. అనిమే గీత అలా పుట్టలేదు. ఒక సీన్‌లో ముఖ్యమైన భంగిమలు ఒకరు గీస్తారు, మధ్య బొమ్మలు ఇంకొందరు గీస్తారు. ఒక్కొక్కరు ఒక్కో రకంగా ఒత్తితే తెర మీద గీత లావూ సన్నమూ అవుతూ కొట్టుకుంటుంది. అందుకే కాగితం మీద పెన్సిల్‌తో దాదాపు ఒకే మందంలో గీసేవాళ్లు, నీడ ఎక్కడ మొదలవుతుందో రంగు పెన్సిల్‌తో సన్నటి హద్దు వేసేవాళ్లు. ఆ గీతలు సెల్యులాయిడ్ షీట్ మీదికి ఎక్కాక రంగు వెనక వైపు పూసేవాళ్లు, ముందున్న గీత చెడిపోకూడదని. అన్న చెప్పిన రంగు కింది లేయర్ పద్ధతి అక్కడి నుంచే ఉంది. 1990ల చివర్లో రంగులు వేసే పని కంప్యూటర్‌కు మారినప్పుడు కూడా స్కాన్ చేసిన గీతను సగం పారదర్శకంగా ఉండే పిక్సెళ్లు లేకుండా మార్చేవాళ్లు, బకెట్ ఒక్క నొక్కుతో నిండాలని.

కాబట్టి నా సలహా ఇంకా కఠినం. సైజు మీద ప్రెషర్ పూర్తిగా ఆపెయ్, లేదా చాలా తగ్గించు. ఒపాసిటీ (రంగు చిక్కదనం) 100. ఒకే మందం. కొసలు మాత్రమే సన్నబడాలి. అప్పుడు గీత అందం కోసం చూసుకోవు, ఆకారం సరిగ్గా ఉందా లేదా అన్నదే చూస్తావు. ప్యాక్ మాటే రాదు.

పాలమూరు ఇంకు:

ఫ్రేమ్ తమ్ముడూ, చరిత్ర బాగా చెప్పావు, దాంతో నాకు పేచీ లేదు. ఆ నియమం మాత్రం పది మంది కలిసి ఒకే బొమ్మను వేలసార్లు గీసేటప్పటిది. పోరడు గీసేది ఒక్కడే, ఒక్క బొమ్మ. అనిమే పోస్టర్లు చూడు, తెర మీది బొమ్మ కంటే వాటిలో గీత లావు సన్నాలు ఎక్కువుంటాయి, ఎందుకంటే అవి కదలవు. కదలని బొమ్మకు పై రెప్ప లావుగా, కింది రెప్ప పోగులా, గడ్డం కింద మెడ కలిసే మూలలో కాస్త చిక్కగా ఉంటేనే ప్రాణం వస్తుంది. ప్రెషర్ ఆపేస్తే అవన్నీ విడిగా దిద్దుకోవాలి. ఒకే మందంలో నేర్చుకున్న పిల్లల బొమ్మలు చాలా చూశా. ఆకారం బాగుంటుంది, ముఖం మాత్రం స్టిక్కర్‌లా అతికించినట్టుంటుంది.

తేలియా విషయంలో అక్కతో పూర్తిగా ఏకీభవిస్తా. కానీ అక్కా, ఆ అంచు ఇచ్చే బ్రష్ ఏ ప్యాక్‌లో కొన్నారు?

సూర్యాపేట అక్క:

కొనలేదు. ఏ ప్యాక్‌లోనూ దొరకలేదు, సొంతంగా చేసుకున్నా. తెల్ల కాన్వాస్ మీద చిన్న చిన్న నిలువు గీతలు ఎత్తూ పొట్టిగా గీసి దాన్నే బ్రష్ ముక్కగా పెట్టా. గడి లోపల గట్టి పెన్నుతో నింపి, అంచు వెంట మాత్రం దీన్ని తిప్పుతా.

అయినా నా మాట వెనక్కి తీసుకోను. బ్రష్ అవసరమే, అది దుకాణంలోది అయినా ఇంట్లోది అయినా. గద్వాల చీర చూడండి. ఒళ్లు నూలు, అంచు పట్టు జరీ, రెండూ మగ్గం మీదే పేక పోగులతో కలుస్తాయి. ఆ అంచు మడత మీద వంగుతూ, తిరుగుతూ పోవాలి. క్లిప్ స్టూడియో అనే యాప్‌లో రిబ్బన్ పద్ధతి బ్రష్ ఉంటుంది, గీత ఎటు వంగితే డిజైన్ అటు వంగుతుంది. జరీ బుటాలను ఒక ముక్కగా చేసి పెట్టుకుంటే కుచ్చిళ్ల వెంట ఒక్క లాగుతో అంచు వచ్చేస్తుంది. దాన్ని డిప్ పెన్‌తో బుటా తర్వాత బుటా గీయమనడం న్యాయం కాదు.

మిర్యాలగూడ ఫ్రేమ్:

రిబ్బన్ బ్రష్ వంగుతుంది కానీ మడత లోపలికి పోదు అక్కా. కుచ్చిళ్లలో అంచు సగం మాయమై పక్క మడతలో తేలుతుంది కదా. అక్కడ బ్రష్ డిజైన్‌ను తెంచకుండా పోనిస్తుంది, చీర ప్లాస్టిక్ పట్టీలా కనిపిస్తుంది. ఒక్కో మడతకు విడి గీత లాగి, లోపలికి పోయే చోట చెరపాలి.

సూర్యాపేట అక్క:

అదే చేస్తా. ఒక్కో మడతకు ఒక్కో లాగు, ఆపైన మడత నీడ మల్టిప్లై లేయర్‌లో (కింది రంగును ముదురు చేసే లేయర్). అయినా చేత్తో గీసే దాంట్లో పదో వంతు సమయం పట్టదు.

వనపర్తి డ్రాయింగ్ సార్:

పిల్లలకు బొమ్మలు నేర్పుతాను కాబట్టి ఒక మాట చెప్పనివ్వండి. మా దగ్గరికొచ్చే పిల్లల్లో ట్యాబ్ ఉన్నవాళ్లే తక్కువ, ఎక్కువమంది అమ్మ ఫోన్ మీద వేలితో గీస్తారు. వాళ్ల ముందు ప్యాక్ గురించి మాట్లాడితే, డబ్బు లేదు కాబట్టే బొమ్మ రావట్లేదని నమ్మేస్తారు. ఆ నమ్మకం చాలా చెడ్డది. ఐబిస్ ఉచిత బ్రష్‌లు చాలు, మిగతావి కూడా ఒక ప్రకటన చూస్తే కొన్ని గంటలు తెరుచుకుంటాయి. కంప్యూటర్ ఉన్నవాళ్లకు క్రిటా అనే బొమ్మల ప్రోగ్రామ్ పూర్తిగా ఉచితం, అందులో జీ పెన్, ఫైన్‌లైనర్ రెండూ ముందే ఉంటాయి.

ఫ్రేమ్ గారి పద్ధతి వేలితో గీసేవాళ్లకు సరిగ్గా సరిపోతుంది, వేలికి ప్రెషర్ ఎలాగూ లేదు. పెన్ను ఉన్నవాళ్లకు ఇంకు గారి మాటే నాకు నచ్చింది.

నల్గొండ పోరడు:

అందరికీ థ్యాంక్స్. ఎక్స్‌పాన్షన్ 2 పెట్టి రంగు లేయర్ కిందికి జరిపా, తెల్ల చార పూర్తిగా పోయింది. జుట్టు కొసలు కూడా బాగా వస్తున్నాయి. ఫోర్స్ ఫేడ్ ఆన్ చేసి చూస్తే పొడుగు కుచ్చులు బాగున్నాయి కానీ కనురెప్ప వెంట్రుకల్లాంటి చిన్న గీతలు మరీ సన్నబడి కనపడకుండా పోతున్నాయి.

రెండు ప్రశ్నలు. గీత మందం ఎంత ఉండాలి? మా క్లాస్‌మేట్ తన ప్యాక్ పంపిస్తానంటోంది, నా ట్యాబ్‌లో తెరుచుకుంటుందా?

పాలమూరు ఇంకు:

చిన్న గీతలకు ఫోర్స్ ఫేడ్ ఆపెయ్, గీత పొడవే తక్కువ కాబట్టి రెండు కొసలూ కలిసి మొత్తాన్ని తినేస్తున్నాయి. వెంట్రుకలను ప్రెషర్‌తోనే, రెప్ప నుంచి బయటికి విసురుతూ గీయి.

మందం కాన్వాస్‌ను బట్టి ఉంటుంది. ఏ4, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) అంటే 2480 బై 3508 పిక్సెళ్లు. అందులో నడుము దాకా ఉన్న బొమ్మకు నేను బయటి గీత 8 నుంచి 10, లోపలి మడతలు, ముక్కు 5 లేదా 6 పెడతా. ఫోన్ స్క్రీన్ అంత కాన్వాస్‌లో అదే 10 పెడితే ముఖం నల్లగా ముద్దవుతుంది. ఒకే బ్రష్ ఒకరికి బాగా, ఇంకొకరికి చెత్తగా అనిపించడానికి కారణం చాలాసార్లు కాన్వాస్ సైజే.

ఆమె ప్యాక్ నీ దగ్గర పని చేయదు. ప్రోక్రియేట్ ఐప్యాడ్, ఐఫోన్‌లకే ఉంటుంది, దాని బ్రష్‌సెట్ ఫైళ్లు దానికే. క్లిప్ స్టూడియోవి ఎస్‌యూటీ ఫైళ్లు, అవీ అంతే. ఫోటోషాప్ ఏబీఆర్ ఫైళ్లను మాత్రం ఆ రెండు యాప్‌లూ తీసుకుంటాయి. పైగా డబ్బు పెట్టి కొన్నదాన్ని ఇలా పంచుకోవడం చేసినవాళ్లకు అన్యాయం.

మిర్యాలగూడ ఫ్రేమ్:

ప్రెషర్ ఆపి ఒక బొమ్మ, ఆన్‌లో ఒక బొమ్మ, అదే రఫ్ స్కెచ్ మీద గీసి ఇక్కడ పెట్టు తమ్ముడూ. ముఖం స్టిక్కర్‌లా ఉంటుందన్న మాట నేను ఒప్పుకోను. రంగు, నీడ సరిగ్గా పడితే ఒకే మందం గీతే తేటగా కనిపిస్తుంది.

నల్గొండ పోరడు:

పెడతా అన్నా. అక్కా, తేలియా అంచు బ్రష్ ఐబిస్‌కు దొరుకుతుందా? మా అమ్మమ్మ వాళ్లది పోచంపల్లి వైపు, ఒక క్యారెక్టర్‌కు ఆ చీర కట్టాలని ఎప్పటి నుంచో అనుకుంటున్నా.

సూర్యాపేట అక్క:

ఐబిస్‌లో బ్రష్‌ను క్యూఆర్ కోడ్‌గా పంపొచ్చు. అందులో కూడా ఒకటి చేశా, సాయంత్రం పెడతా, దానికి డబ్బులేం వద్దు. సైజు నీ గడి వెడల్పులో సగం మించనివ్వకు, ప్రెషర్ ఆపేసి వాడు. పోచంపల్లి చీరల్లో చాలావాటికి పేకకో పడుగుకో ఒకవైపే రంగు కడతారు, అప్పుడు పళ్లు ఒక దిక్కులోనే కనిపిస్తాయి. అమ్మమ్మ గారి చీర అంచు దగ్గర్నుంచి ఒక ఫోటో తీసి పెట్టు, బ్రష్‌ను ఏ వైపు తిప్పాలో చూసి చెప్తా.