అప్‌డేట్: పాత జీపు స్టీరింగ్ బిగుతు, కింగ్‌పిన్ బేరింగుల గ్రీజు సంగతి

మా పాత ఫోర్ బై ఫోర్ జీపు స్టీరింగ్ తిప్పాక తిరిగి నిటారుకు రావట్లేదని, వేగం 40 దాటితే వణుకుతోందని నెల క్రితం అడిగాను కదా. విప్పి చూశాం. పై కింగ్‌పిన్ (ముందు చక్రం పక్కలకు తిరగడానికి ఆధారమైన పిన్ను) బేరింగుకు గ్రీజు అందట్లేదని మీరన్నదే నిజం. నకిల్ (స్టీరింగ్‌తో పాటు తిరుగుతూ ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) అడుగున గ్రీజు నిండుగానే ఉంది, కింది బేరింగు బాగానే ఉంది. పైది మాత్రం ఎండిపోయి, దాని కప్పులో (రోలర్లు ఆనే రింగులో) రోలర్ల గాట్లు పడ్డాయి. గ్రీజు కిందికి జారిపోతుంది, పైకి ఎక్కే దారే లేదు. తప్పు నాదే, ఇన్నేళ్లూ ఆ సంగతి పట్టించుకోలేదు.

బేరింగులు కొత్తవి వేశాం. పై క్యాప్‌కి చిల్లు పెట్టి, మర వేసి గ్రీజు నిపుల్ (గ్రీజు గన్ తగిలించే చిన్న మూతి) బిగించాం. చిల్లు సరిగ్గా రోలర్ల మీదికి తెరుచుకోవాలి. మధ్యలో పెడితే గ్రీజు పిన్ను గుండా కిందికే పోతుందని మెకానిక్ ముందే ఆపాడు, లేకపోతే ఓ క్యాప్ పాడుచేసేవాణ్ణి. షిమ్‌లు (క్యాప్ కింద వేసే పల్చటి రేకులు) మార్చి, నకిల్‌ను లాగి బిగుతు చూసింది చేపలు తూచే స్ప్రింగ్ కాటాతో! ఆయిల్ సీల్ తీసేసే చూడాలి, లేదంటే దాని పట్టు కూడా లెక్కలోకి వస్తుంది.

వణుకు పోయింది. ఇక గ్రీజు గన్ రెండు మూడు నొక్కులే, ఎక్కువైతే సీల్ దగ్గర కారుతోంది.