నాన్నగారి పాత లెన్సు కొత్త కెమెరాకు తగిలించాలా, వద్దా?

వేళచ్చేరి వాసి:
నాన్నగారి నికాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 మాన్యువల్ (చేత్తో తిప్పి ఫోకస్ చేసే) లెన్సు బీరువాలో దొరికింది. నా సోనీ ఏ6600కు తగిలించాలని ఉంది. ఆటోఫోకస్ లెన్సు కొనుక్కోక ఈ తంటా ఎందుకని తమ్ముడి వాదన. మీరేమంటారు?

పల్లావరం ఫోటోలు:
మీ తమ్ముడి మాటే నా మాట. నిరుడు మా అక్క పెళ్లికి ఇలాంటి లెన్సుతోనే వెళ్లాను. తలంబ్రాల వేళ అక్క ముఖం మసక, వెనకాల మైకు స్తంభం మాత్రం అద్దంలా వచ్చింది. ఆల్బమ్ తెరిచినప్పుడల్లా అక్క నా వంక చూస్తుంది. పైగా మీ కెమెరా సెన్సారు చిన్నది, 50 ఎంఎం కాస్తా 75 ఎంఎంలా దగ్గరగా చూపిస్తుంది. ఇరుకు గదిలో గోడకు వీపు ఆనించినా మనిషి సగమే పడతాడు.

మాడవీధి:
పరుగెత్తే పెళ్లికి ఆ లెన్సు తీసుకెళ్లి దాన్నే తిట్టడం ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. కోపం తెచ్చుకోకండి. నేను దాన్ని కదలని వాటికే వాడతాను. మొన్న మైలాపూరులో ఒకావిడ మల్లెమాల కడుతుంటే ఎఫ్/1.8లో, అంటే లెన్సు పూర్తిగా తెరిచి తీశాను. రింగు వెంట్రుకవాసి తిప్పితే చాలు, ఫోకస్ మొగ్గ మీది నుంచి దారం ముడి మీదికి జారింది. ఫోకస్ పడిన అంచులను చూపే ఫోకస్ పీకింగ్ రంగు గీతలను మాత్రం నమ్మవద్దు, తెర మీద బొమ్మను పెద్దది చేసి చూడాలి.

తగిలించడం సులువే. నికాన్ ఎఫ్ మౌంటుకూ (లెన్సు బిగించే చోటుకూ) సెన్సారుకూ మధ్య 46.5 మి.మీ. దూరం కావాలి, సోనీలో ఉన్నది 18. మిగతా 28.5 మి.మీ. మధ్యలో బిగించే ఎడాప్టరుది. అది వట్టి బోలు గొట్టం, గాజు ఉండదు కాబట్టి బొమ్మ చెడదు. మెనూలో లెన్సు లేకున్నా షట్టర్ పడే అమరిక ఆన్ చేయండి, లేకపోతే కెమెరా మొండికేస్తుంది. చేతి వణుకును సరిదిద్దే స్టెడీషాట్‌కు 50 అని మీరే చెప్పాలి.

పల్లావరం ఫోటోలు:
మల్లెమాలకు ఒప్పుకున్నాను. కానీ చవక ఎడాప్టర్లు చాలావరకు కాస్త పొట్టిగా ఉంటాయి. లెన్సు మీది అనంతం (చాలా దూరం) గుర్తు దగ్గర ఆపితే ఫోకస్ దాటిపోయి మెరీనా దీపస్తంభం మసకే.

మాడవీధి:
నిజమే, గుర్తు కాదు, తెర చూసి ఆపాలి. అంతకంటే ముఖ్యం, ఫోను టార్చి వేసి లెన్సు లోపల చూడండి. మన చెన్నై ఉక్కకు బీరువాలో, అందులోనూ తోలు కేసులో పెట్టిన గాజుకు బూజు (ఫంగస్) పట్టకపోతేనే వింత.

వేళచ్చేరి వాసి:
తోలు కేసులోనే ఉంది. టార్చి వేశాను, అంచున సాలెపోగుల్లాంటివి రెండు కనిపించాయి. తమ్ముడికి ఇంకా చెప్పలేదు.