రోజూ ఆఫీసుకు తొక్కడానికి తక్కువ ధర హైబ్రిడ్ సైకిల్: వాడుతున్నవాళ్లు చెప్పండి

ఆఫీసు_దారి
ఇంటి నుంచి ఆఫీసు 9 కిలోమీటర్లు. మధ్యలో ఒక ఫ్లైఓవర్, సగం దారి గతుకులు. ఇక సైకిల్ మీదే వెళ్లాలని గట్టిగా నిర్ణయించుకున్నాను. తక్కువ ధర హైబ్రిడ్‌లు (రోడ్డు సైకిల్‌కూ, మౌంటెన్ సైకిల్‌కూ మధ్య రకం) చూస్తుంటే దాదాపు అన్నీ ఒకేలా ఉన్నాయి: అల్యూమినియం ఫ్రేము, 21 గేర్లు, ముందు సస్పెన్షన్, డిస్క్ బ్రేకులు. అదే ధరలో సస్పెన్షన్ లేనిది, వి-బ్రేకులది ఒకటి ఉంది. షాపులో మొదటి రకమే తీసుకోమంటున్నారు. కొని, ఎండలో వానలో తొక్కి, రిపేర్లు చేయించుకున్నవాళ్ల మాట కావాలి. నా ఎత్తు 168 సెం.మీ. లాప్‌టాప్ కూడా తీసుకెళ్లాలి.

గతుకుల_బాట
సస్పెన్షన్ లేనిదే తీసుకోండి. ఈ ధరలో వచ్చే సస్పెన్షన్ ఫోర్కులో, అంటే ముందు చక్రాన్ని పట్టుకునే కాడల్లో, ఒక స్ప్రింగు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. గుంటలో పడితే కిందికి దిగుతుంది, వెంటనే ఎగిరి పైకి తంతుంది. ఆ కుదుపును మెల్లగా అణిచే ఏర్పాటు ఖరీదైన ఫోర్కుల్లోనే ఉంటుంది. పైగా మామూలు ఫోర్కు కంటే కిలో పైనే ఎక్కువ బరువు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు లేచి నిలబడి తొక్కితే మీ బలంలో కొంత ఆ స్ప్రింగును నొక్కడానికే పోతుంది. కొన్నాళ్లకు లోపలికి నీరు, దుమ్ము చేరి బిగుసుకుపోతుంది కూడా. నా పాత సైకిల్‌కు అదే జరిగింది.

గతుకులకు అసలు మందు టైరు వెడల్పు. 38 నుంచి 42 ఎంఎం టైరు పట్టే ఫ్రేము చూసుకుని, గాలి సరిపడా పెట్టుకుంటే చేతులకు ఎంత తేడా తెలుస్తుందో! కొన్ని హైబ్రిడ్‌లలో 32కి మించి పట్టదు, కొనేముందే అడగండి.

వానలో_సవారీ
గతుకుల_బాట గారూ, టైరు సంగతి ఒప్పుకుంటాను కానీ సస్పెన్షన్‌ను అంతగా తీసిపారేయకండి. నాకు మణికట్టు నొప్పి ఉంది. నా దారిలో అడుగడుగునా స్పీడ్ బ్రేకర్లు. సస్పెన్షన్ సైకిల్‌కు మారాక నొప్పి బాగా తగ్గింది. బరువు ఎక్కువే, కాదనను. ఆ మాత్రం బరువు నేను సంతోషంగా తొక్కుతాను.

బ్రేకుల విషయంలో నా ఓటు డిస్కుకే. వి-బ్రేకు పట్టేది రిమ్మును. వానలో రిమ్ము మీద నీరు తుడుచుకుపోయేదాకా బ్రేకు సరిగా అందదు, ఆ లోపు సైకిల్ కొంచెం ముందుకెళ్లిపోతుంది. ఇసుక, బురద రబ్బర్లకు అంటుకుని రిమ్మునూ అరగదీస్తాయి. కానీ కేబుల్‌తో పనిచేసే చవక డిస్కుల్లో చాలావాటికి ఒకవైపు ప్యాడ్ మాత్రమే కదులుతుంది. రెండోది అరిగేకొద్దీ దాని స్క్రూను మనమే లోపలికి తిప్పుతూ ఉండాలి. ఈ సంగతి తెలియకే చాలామంది 'డిస్కు పట్టడం లేదు' అంటుంటారు. ఇంకోటి, చైనుకు వేసే ఆయిల్ చుక్క కూడా డిస్కు మీద పడకూడదు.

బరువు_తొంభైఐదు
బ్రేకులు, ఫోర్కుల గురించే మాట్లాడుతున్నారు, వెనక చక్రం సంగతి ఎవరూ ఎత్తడం లేదు. నాలాంటి బరువైన మనిషికి ముందు ఇబ్బంది పెట్టేది అదే.

21 గేర్ల సైకిళ్లలో వెనక సాధారణంగా 7 పళ్లచక్రాల ఫ్రీవీల్ ఉంటుంది. అది హబ్‌కు (చక్రం నడిమి భాగానికి) మర తిప్పినట్టు బిగుస్తుంది. అటువైపు బేరింగ్ ఫ్రేముకు దూరంగా లోపలికి ఉండిపోతుంది, మధ్యలో ఆక్సిల్‌కు (ఇరుసుకు) ఏ ఆధారమూ ఉండదు. బరువైన మనిషి గుంటల్లో తొక్కితే అక్కడే వంగుతుంది, విరగనూ వచ్చు. ఫ్రీవీల్‌కు బదులు క్యాసెట్ (హబ్ మీదికి తొడిగే పళ్లచక్రాల కట్ట) ఉండే హబ్‌లో బేరింగ్ అంచు దాకా వస్తుంది కాబట్టి ఈ బాధ తక్కువ. 8 స్పీడ్ క్యాసెట్‌తో దొరికితే మిగతావి కాస్త తగ్గినా అదే తీసుకోండి.

కొత్త చక్రంలో స్పోకులు సర్దుకోవడానికి కొంత సమయం పడుతుంది. మొదట్లో టింగుమని చప్పుళ్లు వస్తే, చక్రం తిరుగుతూ పక్కకు ఊగుతుంటే, వాయిదా వేయకుండా బెండు తీయించండి. వదులుగా ఉన్న స్పోకు ఒకటి విరిగితే ఆ భారం పక్కవాటి మీద పడి వరసగా పోతాయి.

ఆఫీసు_దారి
ఇవేవీ షాపులో చెప్పలేదు, అందరికీ చాలా థాంక్స్. గేర్లు 21 ఉన్నవాటి కంటే 16 ఉన్నవి (ముందు రెండు, వెనక ఎనిమిది) తక్కువేమో అని ఒక టెన్షన్.

గతుకుల_బాట
ఆ అంకె చూసి కొనకండి. ముందు మూడు, వెనక ఏడు కలిపి 21 అంటారు గానీ అందులో చాలా గేర్లు దాదాపు ఒకే బరువు తొక్కిస్తాయి. ముందు పెద్దది, వెనక పెద్దది కలిపితే చైను వంకరగా లాగి త్వరగా అరుగుతుంది కూడా. ఫ్లైఓవర్ మీద కూర్చుని తొక్కగలిగే తేలిక గేరు ఉందా లేదా, అంతవరకే చూడండి.

కొలత_ముఖ్యం
నాది 157 సెం.మీ. ఎత్తు. షాపులో ఉన్న సైజు అంటగట్టాలని చూస్తే ఒప్పుకోకుండా చిన్న ఫ్రేము తెప్పించుకున్నాను, ఇప్పటికీ మెడ, నడుము నొప్పి లేదు. ఫ్రేము మీద ఉండే సైజు అంకె ఒక్కో కంపెనీకి ఒక్కోలా ఉంటుంది, కాబట్టి ఎక్కి చూడాల్సిందే. రెండు పాదాలూ నేలకు ఆనించి నిలబడినప్పుడు పై గొట్టానికీ మీకూ మధ్య రెండు మూడు వేళ్ల ఖాళీ ఉండాలి. సీటు ఎత్తుకు తేలిక లెక్క: పెడలు అడుగున ఉన్నప్పుడు మడమ దాని మీద పెడితే కాలు నిటారుగా రావాలి. తొక్కేటప్పుడు ముందు పాదం పెడతాం కాబట్టి మోకాలు కొంచెం వంగే ఉంటుంది.

లాప్‌టాప్ వీపున మోయకండి అండీ, ఆఫీసు చేరేసరికి చొక్కా తడిసి ముద్దవుతుంది. క్యారియర్ బిగించడానికి ఫ్రేముకు మర రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. మడ్‌గార్డులకూ అవి కావాలి. క్యారియర్‌కు పక్కసంచి తగిలించాక పెడలు తొక్కుతూ మడమ దానికి తగలకుండా కాస్త వెనక్కి జరపండి.

చైను_తుడిచేవాడు
కొన్న తర్వాతి మాట ఒకటి. మొదటి కొన్ని వారాల్లో కేబుళ్లు సర్దుకుని గేర్లు సరిగా పడవు. సైకిల్ పాడైందని కంగారుపడకండి. వెనక డిరైలర్ (చైనును ఒక పళ్లచక్రం మీంచి ఇంకోదాని మీదికి జరిపే భాగం) దగ్గర చేత్తో తిప్పే మర ఉంటుంది, దాన్ని అరచుట్టు చొప్పున తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది. పెడలు కాడల బోల్టులు కూడా ఒకసారి బిగించుకోండి, వదులుగా తొక్కితే ఆ కాడ రంధ్రమే పాడై కొత్తది కొనాల్సి వస్తుంది. పెడలునే బిగించాల్సి వస్తే, ఎడమ పెడలుకు మర తిరగేసి ఉంటుంది, గుర్తుంచుకోండి.

చైను అరుగుదల స్కేలుతోనే తెలుస్తుంది. కొత్త చైనులో ఒక పిన్ను దగ్గర సున్నా పెడితే 12 అంగుళాల గీత సరిగ్గా ఇంకో పిన్ను మీద పడుతుంది. ఆ పిన్ను గీత దాటి అంగుళంలో పదహారో వంతు జరిగిందంటే చైను మార్చేయండి. ఆలస్యం చేస్తే పళ్లచక్రాలు కూడా అరిగి, వాటినీ మార్చాల్సి వస్తుంది. వానలో తడిసిన రోజు తుడిచి ఆయిల్ వేయడం మాత్రం తప్పదు.

ఆఫీసు_దారి
రెండూ తొక్కి చూశాను. ఫ్లైఓవర్ మీద తేడా తొక్కగానే తెలిసింది. సస్పెన్షన్ లేనిదే తీసుకుంటున్నాను. 8 స్పీడ్ క్యాసెట్, 38 ఎంఎం టైర్లు, క్యారియర్‌కు రంధ్రాలు ఉన్నాయి. వి-బ్రేకులే, వానలో దూరం నుంచే బ్రేకు మీద చెయ్యి వేస్తాను. గాలి ఎంత పెట్టాలి? నా బరువు 72 కిలోలు.

గతుకుల_బాట
మంచి ఎంపిక. వెనక 55 పీఎస్ఐ, ముందు 50తో మొదలుపెట్టండి. టైరు పక్కన రాసి ఉన్న హద్దులు దాటకండి. గతుకుల్లో మరీ గట్టిగా అనిపిస్తే కొంచెం కొంచెం తగ్గించండి, గుంటలో రిమ్ము తగిలినట్టు అనిపిస్తే మళ్లీ పెంచండి. గేజు ఉన్న పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి, వారానికోసారి చూసుకోవాలి.