అప్‌డేట్: అల్యూమినియం బ్రాకెట్ ఎత్తులో మధ్యాహ్నం కనిపించిన తేడా

బాలానగర్‌లోని మా మెషిన్ షాపులో 300 మిల్లీమీటర్ల అల్యూమినియం బ్రాకెట్ ఎత్తు మధ్యాహ్నం సుమారు 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) ఎక్కువగా చూపుతోందని, హైట్ గేజ్‌ను (ఎత్తు కొలిచే పరికరాన్ని) క్యాలిబ్రేషన్‌కు, అంటే ప్రమాణంతో పోల్చి సరిచూడటానికి, పంపాలా అని ఇంతకుముందు అడిగాను. గేజ్‌లో లోపం లేదు. అదే 30 డిగ్రీల వేడిలో స్టీలు గేజ్ బ్లాకును (కచ్చితమైన కొలత తెలిసిన ప్రమాణపు దిమ్మెను) కొలిస్తే రీడింగు సరిగ్గానే వచ్చింది. బ్లాకూ, గేజ్‌లోని స్టీలు స్కేలూ డిగ్రీకి మీటరుకు దాదాపు 11.5 మైక్రాన్ల చొప్పున కలిసే వ్యాకోచిస్తాయి. అల్యూమినియం సుమారు 23 మైక్రాన్లు వ్యాకోచిస్తుంది కనుక, ప్రామాణికమైన 20 డిగ్రీలకు పది డిగ్రీలు పైన ఉన్నప్పుడు మిగిలే తేడా ఇంచుమించు ఆ 35 మైక్రాన్లే. ఇప్పుడు బ్రాకెట్‌ను గ్రానైట్ సర్ఫేస్ ప్లేట్ (కొలతలకు వాడే సమతలపు బల్ల) మీద చల్లారనిచ్చి, థర్మామీటరును దానికే ఆనించి (మిల్లింగ్ నుంచి వచ్చిన ముక్క విషయంలో గది ఉష్ణోగ్రతను నేను నమ్మను) దిద్దుబాటు లెక్కిస్తున్నాము. స్క్రైబర్ (ముక్కను తాకే గేజ్ మొన) అరుగుదలను ఈ లెక్క పట్టుకోలేదు కాబట్టి, వార్షిక క్యాలిబ్రేషన్ యథాప్రకారం కొనసాగుతుంది.